రెండో దీపం

మా బావ కళ్ళు లాంచీ నడపడానికి పనికొస్తాయని సంతకం పెట్టింది నేనే. ఆ సంతకం తప్పని నాకు తెలిసేసరికి ఆయన అరవై మందిని ఎక్కించుకుని ఆవలి ఒడ్డు నుంచి బయలుదేరి పావుగంట దాటింది. ఆ అరవై మందిలో మా అక్క కూడా ఉంది.

నా పని గురించి ముందు చెప్పాలి. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. "ఇది బాగుందా, అది బాగుందా?" అని పదకొండేళ్ళుగా రోజుకి మూడు వందల సార్లు అడుగుతున్నాను. ఇంట్లో చొక్కాలు మడతపెడుతూ కూడా అదే అడుగుతున్నానని మా ఆయన ఏడిపిస్తుంటాడు. నావీ మైనస్ పవర్ కళ్ళే. కళ్ళద్దాలు తీస్తే నా చేతి వేళ్ళు నాకే లెక్కకి రావు. అందుకేనేమో, ఎవరైనా "కనిపించట్లేదు" అంటే జాలిపడతాను గానీ, "అంతా బాగానే కనిపిస్తోంది" అంటే మాత్రం నమ్మను. అలాంటిదాన్ని మా బావని నమ్మాను.

మా అక్కని పెళ్ళి చేసుకుని ఆయన మా ఇంటికొచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. నన్ను లాంచీలో నడిపే సరంగు సీట్లో కూర్చోబెట్టి చక్రం పట్టుకోనిచ్చిన మనిషి. అప్పటినుంచీ ఆయన నాకు "నువ్వు", నేను ఆయనకి "ఏమే". చిన్నప్పటినుంచీ దళసరి కళ్ళద్దాలే ఆయనవి. అయినా రేవులో అందరూ "గురి" అని పిలుస్తారు. ఎంత చీకట్లోనైనా లాంచీని గీత గీసినట్టు తీసుకొస్తాడని ఆ పేరు. అక్క తప్ప ఆయన్ని అసలు పేరుతో తలుచుకునేవాళ్ళు లేరు, ఆవిడ కూడా "ఏమండీ" అంటుందే తప్ప పేరు పలకదు.

మా రేవు ముందు నీళ్ళలో రెండు వైపులా రాళ్ళు. మధ్యలో లాంచీ పట్టే దారి ఒక్కటే. పొద్దు గుంకాక ఆ దారి చూపించడానికి రెండు దీపాలున్నాయి. ఒకటి రేవు చివర ఇనపస్తంభం మీద, రెండోది దాని వెనకాల గుట్ట మీద. కిందిదీపం, పైదీపం అంటారు. నీళ్ళ మీద నుంచి చూసినప్పుడు పైదీపం సరిగ్గా కిందిదీపం నెత్తిన నిలబడితే లాంచీ దారిలో ఉన్నట్టు. లాంచీ పక్కకి జరిగితే పైదీపం కూడా పక్కకి జరుగుతుంది. అప్పుడు చక్రం తిప్పి మళ్ళీ ఒకదాని మీద ఒకటి తెచ్చుకోవాలి. ఆ వరస చూసేటప్పుడు సరంగులందరూ ఎడమకన్ను మూసుకుంటారు, ఎవరు నేర్పారో గానీ అదొక అలవాటు. రెండింట్లో ఏ ఒక్కటి కనిపించకపోయినా ఇంజను ఆపి లంగరు వెయ్యాలి. అది రూలు.

సరంగులకి ఏడాదికోసారి కంటి పరీక్ష ఫారం నింపాలి. ఇది జరగడానికి రెండు వారాల ముందు బావ ఆ ఫారం పట్టుకుని మా షాపుకి వచ్చాడు. వచ్చీ రాగానే నాలుగింటి ట్రిప్పుకి వెళ్ళాలని తొందర పెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష గదిలో దీపం మామూలుగా తగ్గించి, ఎడమకన్ను మూసి కుడికంటితో బోర్డు చదవమన్నాను.

"ఏమే మరదలా, అక్షరాల కింద మళ్ళీ అక్షరాలు వేయించావేంటి? ఒకదాని కింద ఒకటి నీడ పడుతోంది."

"నీడ కాదు బావా, వయసు పడుతోంది. చదువు ముందు."

"చదువుతున్నానులే. నువ్వు పుట్టకముందు నుంచీ చదువుతున్నాను."

నేను లేచి లైట్లన్నీ వేశాను. నీడ పోయిందన్నాడు. దానిమీద కుడికంటికి సూదిబెజ్జమంత రంధ్రం ఉన్న నల్లబిళ్ళ అడ్డం పెట్టాను. చివరి వరసే కాదు, బోర్డు అడుగున అచ్చువేసిన వాళ్ళ పేరు కూడా చదివేశాడు. "మా మరదలి చెయ్యి పడితే గోడ అవతల ఉన్నది కూడా కనిపిస్తుంది" అని షాపంతా వినబడేలా అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను సంతకం పెట్టేశాను.

ఇప్పుడు దాచడానికేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. అక్షరం కింద నీడ అంటే ఏమిటో నాకు తెలుసు. మైనస్ పవర్ ఉన్న కొన్ని కళ్ళకి పవర్ ఒక్కటే లోపం కాదు. కంటి ముందు భాగం ఒక చోట కాస్త వంగిపోయి ఉంటుంది. పవర్‌ని కళ్ళద్దాలు సరిచేస్తాయి గానీ ఆ వంపుని సరిచెయ్యలేవు. వెలుతురు ఎక్కువుంటే కంటిపాప చిన్నదై, బాగున్న నడిమి భాగంలోంచే చూపు సాగుతుంది. నల్లబిళ్ళ చేసే పని కూడా అదే. చీకట్లో పాప విచ్చుకుంటుంది, వంపు బయటపడుతుంది. అందుకే ఫారంలో చివర ఒక గడి ఉంటుంది, చీకటి గదిలో ఒక్క చిన్న దీపం చూపించి ఎన్ని కనిపిస్తున్నాయో రాయమని. నేను చూపించకుండానే "ఒకటి" అని రాశాను. మా వృత్తిలో కావలసినవాళ్ళని కూర్చోబెట్టినప్పుడు లైటు కాస్త ఎక్కువ పెట్టడం అందరం చేసేదే. పాస్ అయితే బాగుండునని మనసులో ఉంటుంది, చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది. నాలుగింటి ట్రిప్పు వంక మాత్రమే. ఆ గడి నింపితే ఏం తెలుస్తుందోనని నాకే భయం.

సంతకం పెట్టిన రెండు వారాలకి, ఒక సాయంత్రం ఆరు కావస్తుండగా షాపులో ఒక రిటైరైన టైపిస్టు ఆవిడకి పరీక్ష చేస్తున్నాను. కరెంటు పోయింది. మా యజమాని చిన్న బ్యాటరీ లైటు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అదేంటమ్మా, రెండు లైట్లు తెచ్చాడు? ఒకటి చాలుగా" అంది టైపిస్టు.

"ఒకటే ఉందండీ."

"పైన ఒకటి, కింద ఒకటి. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

నవ్వబోయాను. చేతిలో ఉన్న నల్లబిళ్ళ ఆవిడ కంటికి అడ్డం పెట్టాను. "ఆ, ఇప్పుడు ఒకటి" అంది. బిళ్ళ తీశాను. "మళ్ళీ రెండు."

నా నవ్వు ఆగిపోయింది. అక్షరాల కింద నీడ పడుతోందన్న బావ మాట చెవిలో మోగింది. టైపిస్టుని కుర్చీలో అలాగే వదిలేసి షాపు ముందుకి వచ్చాను. వీధి మొత్తం చీకటి. వీధి చివర రేవు, రేవు చివర కిందిదీపం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. ఇటు పక్క ఒడ్డు మీద గుట్ట కనిపిస్తోంది గానీ గుట్ట మీద దీపం లేదు.

అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ఇంకో సరంగైతే ఒక్క దీపమే చూసి లాంచీ ఆపేస్తాడు. మా బావ ఎడమకన్ను మూసి కుడికంటితో చూస్తాడు. ఉన్న ఒక్క దీపమే ఆయనకి పైన ఒకటి, కింద ఒకటిగా కనిపిస్తుంది. అదీ ఎక్కడి నుంచి చూసినా వరస తప్పకుండా, సరిగ్గా నిలువుగా కనిపిస్తుంది. రాళ్ళ మీదికి పోతున్నా సరే, తన కన్ను తనకి దారిలోనే ఉన్నావని చెబుతుంది.

అక్కకి ఫోన్ చేశాను. నీళ్ళ మధ్య సిగ్నల్ ఉండదని తెలిసీ మూడుసార్లు చేశాను. బావ ఫోను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. లాంచీ అయిదూ నలభైకి బయలుదేరుతుంది, ఆరున్నర లోపల దీపాల వరసలోకి తిరుగుతుంది. గడియారం ఆరూ మూడు చూపిస్తోంది. చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తాను.

రేవు గుమాస్తా తన గది గుమ్మంలో నిలబడి గుట్ట వైపు చూస్తూ ఎవరినో తిడుతున్నాడు. రూలు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే రకం ఆయన.

"పైదీపం బ్యాటరీ మార్చమని మూడు నెలలుగా రాస్తున్నానమ్మా. చెవినేసుకుంటేగా!"

"గుమాస్తాగారూ, లాంచీని ఆపండి. వైర్‌లెస్‌లో బావకి చెప్పండి, లోపలికి రావద్దని."

"మీ బావకి నేను చెప్పాలా? ఒక్క దీపం కనిపిస్తే ఆగాలని ఆయనకి తెలీదూ? పాతికేళ్ళ సర్వీసు."

"ముందు చెప్పండి, తర్వాత మాట్లాడదాం."

నా మొహం చూసి ఆయన వైర్‌లెస్ అందుకున్నాడు. నాలుగుసార్లు పిలిచాడు. గరగర తప్ప జవాబు లేదు. రేవు దగ్గర పడుతుంటే బావ వైర్‌లెస్ గొంతు తగ్గించేస్తాడు. దీపాలు చూసేటప్పుడు పక్కన ఎవరూ వాగకూడదు ఆయనకి, మనిషైనా మిషనైనా. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు.

"చూశావా, వినిపించుకోడు" అన్నాడు గుమాస్తా. "కంగారు పడకమ్మా. ఒక్క దీపమే చూస్తాడు, ఆగిపోతాడు."

"ఒకటి చూడడు. ఆయనకి రెండు కనిపిస్తాయి."

"ఏంటి?"

చెప్పాను. ఆయన విన్నాడు. విని, నన్ను తేరిపార చూశాడు.

"మరి ఫారం మీద సంతకం నువ్వేగా పెట్టింది?"

"నేనే."

దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. ఇద్దరం అటు తిరిగాం. లాంచీ ఇంకా చిన్నగా, మసక నీళ్ళ మీద ఒక పసుపు చుక్కలా ఉంది. అది ఉండాల్సిన చోటు కంటే ఎడమగా ఉందని చెప్పడానికి సరంగు అక్కర్లేదు. చిన్నప్పటినుంచీ ఆ లాంచీ రావడం చూసినదాన్ని నేను.

"చిన్న పడవ పంపిద్దాం" అన్నాడు గుమాస్తా. ఈసారి ఆయన గొంతులో ధీమా లేదు. "కానీ అది తిరగేసి, మోటారు పట్టుకుని, వెళ్ళేసరికి..."

"కిందిదీపం ఆర్పేయండి."

"మతి పోయిందా?"

"ఒక దీపం ఉంటే ఆయనకి రెండు. ఏ దీపమూ లేకపోతే ఆయనకీ ఏమీ ఉండదు. అప్పుడు ఆగుతాడు."

"లాంచీ వస్తుంటే వెలిగే దీపం ఆర్పడమా? నువ్వు చెప్పేది అబద్ధమైతే? సరంగు ఒకటే చూసి ఆగుతుంటే నేను అదీ ఆర్పి చీకటి చేశాననుకో, రేపు నన్ను ఉరి తీస్తారు. వెలిగే దీపం ఆర్పిన గుమాస్తా ఇంతవరకూ లేడమ్మా."

నాకు ఒళ్ళు మండింది. ఆయన చొక్కా పట్టుకుని గుంజాలనిపించింది. కానీ ఆయన భయం ఆయనది. తప్పు నాది. ఒక కన్ను మీద నేను రాసిన అబద్ధాన్ని ఇంకో మనిషి తన ఉద్యోగం పెట్టి దిద్దాలని అడుగుతున్నాను.

"బుక్కు ఇవ్వండి" అన్నాను.

ఆయన రేవు బుక్కు తెరిచి పెన్ను చేతికిచ్చాడు. రేవులో ఏం జరిగినా అందులో రాసి సంతకం పెట్టాలి. ఒకసారి రాస్తే నెలాఖరున పైఆఫీసు చదువుతుంది. నేను ఇలా రాశాను: "లాంచీ సరంగు కుడికన్ను చీకట్లో ఒక దీపాన్ని రెండుగా చూస్తుంది. చీకటి పరీక్ష చెయ్యకుండానే చేసినట్టు ఫారంలో రాశాను. కిందిదీపం నా మాట మీద ఆర్పుతున్నారు." సంతకం పెట్టాను. రాస్తుంటే బావ ఉద్యోగం కళ్ళముందు పోతోంది, అక్క మొహం కనిపిస్తోంది, నా షాపు సంగతి తలుచుకోవడానికి కూడా టైము లేదు.

గుమాస్తా ఒకసారి చదివి, తాళంచెవి తీసుకుని నాకంటే ముందు పరిగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి అంత పరుగు తీస్తాడని నేననుకోలేదు.

ఇనపస్తంభం మొదట్లో పెట్టె. తాళం తుప్పు పట్టి తిరగట్లేదు. ఇంజను చప్పుడు పెద్దదవుతోంది. లాంచీ ముందుభాగం ఇప్పుడు తెలుస్తోంది, సరంగు గది అద్దం తెలుస్తోంది. అది ఇంకా ఎడమకే వస్తోంది. తడబాటు లేదు, వేగం తగ్గట్లేదు. ఎప్పటిలాగే నిబ్బరంగా, గీత గీసినట్టు వస్తోంది. నాకు అన్నిటికంటే అదే భయం వేసింది.

"తిప్పండి!"

"తిప్పుతున్నా! అరవకు!"

తాళం ఊడింది. ఆయన స్విచ్చు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. దీపం ఆరిపోయింది.

ఏమీ కాలేదు. ఇంజను అలాగే మోగుతోంది. నేను తప్పు లెక్క వేశానేమో, ఆయన దీపాలు లేకుండా కూడా వచ్చేస్తాడేమో అనిపించి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు ఇంజను గొంతు మారింది. తగ్గింది. ఆగింది. లంగరు గొలుసు జారుతున్న చప్పుడు నీళ్ళ మీదుగా మా దాకా వచ్చింది. వెంటనే మూడు కూతలు పెట్టాడు బావ. ఆ కూతల్లో కోపం నాకు తెలిసిపోయింది.

లాంచీ మీది పెద్ద లైటు వెలిగి అటూ ఇటూ తిరిగింది. ముందు వైపు తిరిగినప్పుడు ఆగిపోయింది. నీళ్ళలోంచి నల్లగా రాళ్ళు పైకి లేచి ఉన్నాయి. లాంచీకీ వాటికీ మధ్య ఇంకో లాంచీ పట్టేంత చోటు కూడా లేదు.

చిన్న పడవ వెళ్ళి, ముందు నడిచి, లాంచీని దారిలోకి తీసుకురావడానికి ముప్పావుగంట పట్టింది. జనం ఒక్కొక్కరే దిగారు. రాళ్ళు అందరూ చూశారు. అక్క దిగి నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావే? చెప్పులేవి?" అంది. చెప్పులు ఎక్కడ పారేశానో నాకే తెలీదు. చివర బావ దిగాడు.

"కిందిదీపం ఎవడు ఆర్పాడు?"

"నేనే ఆర్పించాను బావా."

"నువ్వా? బుద్ధుందా నీకు? రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వస్తున్నాను. చిటికెలో రెండూ పోయాయి. అరవై మంది ఉన్నారే లోపల! అక్క ఉంది!"

"పైదీపం గంట పైనుంచీ లేదు సరంగుగారూ" అన్నాడు గుమాస్తా. గుట్ట వైపు ఇంకా కరెంటు రాలేదు. కిందిదీపం మాత్రం మళ్ళీ వెలిగించాడు.

బావ ఆయన వైపు జాలిగా చూశాడు. మళ్ళీ లాంచీ అంచు మీదికి ఎక్కి నిలబడి, ఎడమకన్ను మూసి, స్తంభం వైపు వేలెత్తి చూపించాడు. "అదుగో ఒకటి. అదుగో దాని పైన రెండోది. మీకందరికీ ఏమైంది?"

దిగి వెళ్ళబోతున్నవాళ్ళు ఆగి స్తంభం వైపు చూశారు.

"ఏమండీ" అంది అక్క మెల్లిగా, "ఒకటే ఉందండీ."

నేను దగ్గరికి వెళ్ళి ఆయన కుడికన్ను నా అరచేత్తో మూశాను. "ఎడమ కన్ను తెరువు బావా. ఇప్పుడెన్ని?"

"ఒకటి" అన్నాడు. నా చెయ్యి తీసి మళ్ళీ కుడికంటితో చూశాడు. మళ్ళీ నా చేతిని తనే కంటికి అడ్డం పెట్టుకున్నాడు. నా అరచేతికి ఆయన రెప్ప తగులుతోంది.

"ఒక్క దీపం మీ అందరికీ ఒకటిగానే కనిపిస్తుందా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. "అంటే, ఎప్పుడూనా?"

"ఎప్పుడూ బావా."

"చీకట్లో దీపానికి ఒక జత ఉంటుందనుకునేవాణ్ణి. కళ్ళద్దాలవాళ్ళందరికీ అంతే అనుకున్నాను. రేవు దీపాల అడుగున కనిపించే జతని మాత్రం నీళ్ళలో నీడనుకునేవాణ్ణి, ఇవాళ దాన్నే కిందిదీపం అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వు చెప్పావు బావా ఆ రోజు. నేనే లైట్లు వేసేశాను" అన్నాను. ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తిట్టలేదు.

గుమాస్తా రేవు బుక్కు చంకలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. దగ్గి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "చూడండి సరంగుగారూ. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కరెంటు పోయింది, దీపాలు ఆరాయి, మీరు రూలు ప్రకారం ఆగారు. బుక్కులో అలా రాసుకుంటే సరిపోతుంది. ఈ పేజీ నేను చించేస్తాను. ఆర్పింది నేనే కాబట్టి నాకూ మంచిదే. ఇక మీదట మీరు పగటి ట్రిప్పులు చేసుకోండి. ఎవరికీ తెలియాల్సిన పని లేదు."

అక్క బావ మొహంలోకి చూసింది. నేనూ చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన సరేననాలని నాకు ఉంది. అంత జరిగాక కూడా నా చెయ్యి ఇంకా స్విచ్చు మీదికే పోతోంది.

బావ బుక్కు తీసుకున్నాడు. నేను రాసింది చదవడానికి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, కుదరక, అక్కకిచ్చాడు. "చదువు" అన్నాడు. అక్క ఫోను లైటు వేసి చదివింది. మధ్యలో ఒకసారి ఆగి నా వైపు చూసి, మళ్ళీ చదివింది.

"పగటి ట్రిప్పు పొగమంచులో ఆలస్యమైతే?" అన్నాడు బావ, ఎవరితోనో కాదు, తనతోనే. "సాయంత్రం సరంగు రాకపోతే? నన్నే వెళ్ళమంటారు. నేనూ వెళ్తాను. నాకు నేను కాదని చెప్పుకోలేను."

జేబులోంచి లాంచీ తాళంచెవి తీసి గుమాస్తా చేతిలో పెట్టాడు. నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, నా సంతకం కింద ఏదో రాశాడు. చీకట్లో వరస తప్పి అక్షరాలు కిందికి జారాయి. అక్క లైటు దగ్గరగా పట్టుకుంది. "ఈ రాత్రి నేను రెండు దీపాలు చూశాను" అని రాసి, తేదీ వేసి, పాతికేళ్ళలో మొదటిసారి ఆ బుక్కులో సరంగు అని కాకుండా తన పేరు ఒక్కటే పెట్టాడు.